ర్యోకాన్‌ను సత్రం అనవచ్చా?

విజయవాడ నుంచి:

అందరికీ నమస్కారం. జపాన్ తీసుకెళ్ళే ఖరీదైన యాత్ర ఒకదానికి తెలుగు కరపత్రం రాస్తున్నాను. టోక్యో, కనజావా, క్యోటో, నవోషిమా ద్వీపం చూపిస్తారు, వెంట గైడ్ ఉంటారు. ఈ వాక్యం దగ్గర ఆగిపోయాను: "క్యోటోలో విలాసవంతమైన సత్రంలో బస, రాత్రికి కైసెకి విందు." ర్యోకాన్, అంటే జపాన్ పాత పద్ధతి బస ఇల్లు. ఆ మాటకు సత్రం అని రాశాను. మా నాన్నగారు చదివి, "లక్షలు పోసి సత్రంలో పడుకోవడమేమిటే?" అని నవ్వారు. హోటల్ అంటే అసలు తేడాయే పోతుంది. ఏమనమంటారు?

ఒసాకా నుంచి:

మీ నాన్నగారి నవ్వు సబబే. సత్రం ధర్మానికి కట్టించేది. యాత్రికుడికి నీడా కూడూ ఊరికే దొరుకుతాయి. ర్యోకాన్‌లో ధర్మం ఏమీ లేదు, బిల్లు చూస్తే మీకే తెలుస్తుంది. కానీ ఆ బిల్లు వేసే పద్ధతిలోనే మీ ప్రశ్నకు జవాబు ఉంది. అక్కడ సాధారణంగా లెక్క గదికి కాదు, మనిషికి. 'ఇప్పకు నిషోకు' అంటారు. ఒక రాత్రి పడక, రెండు పూటల తిండి అని. రాత్రి భోజనం, మర్నాటి ఉదయం ఫలహారం అందులోనే కలిసి ఉంటాయి. భోజనం వేళ దాటాక చేరితే వంటవాళ్ళు మీకోసం మళ్ళీ పొయ్యి వెలిగించరు. అందుకే నేను తీసుకెళ్ళేవాళ్ళను పొద్దుండగానే గదికి చేరుస్తాను.

పూట లెక్కన కూడు పెట్టి, తలదాచుకోను చోటిచ్చే ఇంటికి మనకు పాత మాట ఉంది కదా, పూటకూళ్ళ ఇల్లు! ర్యోకాన్ వ్యాపారానికి అంత దగ్గరగా వచ్చే తెలుగు మాట నాకు ఇంకొకటి కనబడలేదు. అక్కడ పెత్తనం 'ఒకామి' అనే ఇల్లాలిదే. గది చూపించి, టీ పోసి, చాలాచోట్ల భోజనం కూడా గదికే తెచ్చి వడ్డించే ఆమె 'నకాయి'. అయినా ఆ మాట కరపత్రంలో పెట్టమనను. 'కన్యాశుల్కం' చదివినవాళ్ళకు పూటకూళ్ళమ్మ అనగానే చీపురుకట్ట, మంచం కింద దాక్కున్న గిరీశం గుర్తుకొస్తారు. ర్యోకాన్ అనే ఉంచి, పక్కన ఒక్క వాక్యంలో సంగతి చెప్పండి.

వరంగల్ నుంచి:

పూటకూళ్ళ ఇంటిని గిరీశం దగ్గరే వదిలేస్తే అన్యాయం. మా ఓరుగల్లు వీధుల్లో తిరిగే పాత కావ్యం 'క్రీడాభిరామం'లో రూక ఇస్తే పెట్టే భోజనం చూడండి. కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుకోను నాలుగైదు రకాలు, గడ్డపెరుగు. ఆ పద్యం నాటికి పూటకూళ్ళ ఇల్లు చిన్నతనం కాదు. తరవాతి కాలం ఆ మాటను దిగజార్చింది, అంతే. నాకైతే కరపత్రంలో ఉన్నా అభ్యంతరం లేదు.

నా అభ్యంతరం అసలు 'విలాసవంతమైన' అన్నదాని మీద. మా తాతగారి తరానికి విలాసం అంటే ఉత్తరం మీద రాసే చిరునామా. తరవాతి వాళ్ళకు విలాసపురుషుడు. రెండూ మీకు పనికిరావు.

ఒసాకా నుంచి:

క్రీడాభిరామం సంగతి బాగా గుర్తుచేశారు. విలాసం దగ్గర మీతో సగం ఒప్పుకుంటాను. ఆ మాట ఈ యాత్రలో ఒకచోట సరిపోతుంది, ఒకచోట సరిపోదు. కనజావాకు వెళ్ళే బుల్లెట్ రైలు షింకన్‌సెన్‌లో 'గ్రాన్ క్లాస్' పెట్టె ఉంటుంది. పెట్టె మొత్తానికి 18 తోలు సీట్లే. దాన్ని విలాసం అంటే ఎవరూ కాదనరు.

ర్యోకాన్ గదిలో ఏముంటుంది? గడ్డి చాపలు, ఒక బల్ల, గోడలోకి కట్టిన చిన్న గూడులో ఒక చిత్రపటం, ఒక పువ్వు. పడక కూడా రాత్రి భోజనం అయ్యాకే పరుస్తారు. 'విలాసవంతమైన గది' అని చదివి వచ్చిన పెద్దమనిషి తలుపు తీసి "సామాను ఇంకా రాలేదా?" అని నన్ను అడిగారు.

ఈ తగాదా అక్కడ పాతదే. 16వ శతాబ్దం చివర జపాన్‌ను తన చేతికింద పెట్టుకున్న హిదెయోషి, విడదీసి మోసుకెళ్ళడానికి వీలైన బంగారు టీ గది (అతిథికి పద్ధతిగా టీ కాచి ఇచ్చే గది) చేయించి, 1586లో చక్రవర్తి భవనానికి తీసుకెళ్ళి చూపించాడు. అతని కొలువులోనే ఉన్న టీ గురువు సెన్ నో రిక్యూ పేరు మీద, క్యోటో శివార్లలో 'తాయ్-అన్' అనే టీ గది నిలిచి ఉంది. రెండు చాపల చోటు, మట్టి గోడలు. ఎవరైనా ఒంగి దూరాల్సిందే, అంత చిన్న ద్వారం. 1591లో హిదెయోషి ఆజ్ఞ మీద రిక్యూ పొట్ట చీల్చుకుని చనిపోయాడు. బంగారు గది పోయింది. ఇప్పుడు కొన్నిచోట్ల చూపించేవి తరవాత చేసిన నమూనాలు. తాయ్-అన్ జాతీయ సంపద. 'విలాసవంతమైన' అన్న మాట బంగారు గదికి అతుకుతుంది, మీ యాత్రికులు పడుకునేది రెండో దాని వంశంలో పుట్టిన గదిలో. 'పేరున్న పాత ర్యోకాన్‌లో ఆతిథ్యం' అంటే చాలదా?

విజయవాడ నుంచి:

చాలా బాగుందండీ. అయితే 'విందు' కూడా తప్పేనా?

ఒసాకా నుంచి:

కైసెకి అని పలికే మాటలు రెండున్నాయి. చెవికి ఒకటే, రాతలో వేరు. ఒకదాని అక్షరాలకు 'ఒడిలో రాయి' అని అర్థం. ఆకలి తెలియకుండా జెన్ బౌద్ధ సన్యాసులు వెచ్చచేసిన రాయిని బట్టల్లో పెట్టుకునేవారని కథ చెబుతారు. టీ ఇచ్చే ముందు పెట్టే మితమైన భోజనం ఇది, అన్నం, పులుసు మొదట్లోనే వస్తాయి. రెండోదాని అక్షరాలు 'సభలో ఆసనం'. ఇది సాకె అనే బియ్యపు మద్యం తాగుతూ ఒక్కొక్కటే తినే భోజనం. అన్నం, మిసో పులుసు, ఊరగాయ చివరికి వస్తాయి. రిక్యూ కాలంలో టీ భోజనానికి కూడా సభ అక్షరాలే రాసేవారు, రాయి తరవాత వచ్చి చేరింది. ర్యోకాన్‌లో పెట్టేది ఎక్కువగా రెండో రకం కాబట్టి మీ 'విందు' నిలబడుతుంది. టీ ఇంట్లో భోజనం కూడా యాత్రలో ఉంటే, దాన్ని మాత్రం విందు అనకండి.

అడగకపోయినా ఇంకొకటి. మీ శీర్షికలు 'సంప్రదాయ జపాన్: క్యోటో', 'ఆధునిక జపాన్: టోక్యో' అని ఉంటే మార్చండి. క్యోటోలో దిగగానే ఎదురయ్యేది 1997లో కట్టిన గాజూ ఉక్కూ స్టేషన్. టోక్యోలో భక్తితో చేతులు కడుక్కుని వెళ్ళే మెయిజీ మందిరం వెలిసింది 1920లో, చుట్టూ ఉన్న అడవి కూడా మనుషులు నాటిందే. నవోషిమాలో వాస్తుశిల్పి అందో తదావో కట్టిన చిచూ మ్యూజియం 2004లో తెరిచారు, చాలావరకు నేల కిందే ఉంటుంది. దాన్ని ఏ శీర్షిక కింద పెడతారు?

వరంగల్ నుంచి:

మా ఇంట్లో శాకాహారులం. ఆ విందులో మాకు ఏమైనా మిగులుతుందా?

ఒసాకా నుంచి:

అడగకుండా వెళితే అన్నం, ఊరగాయ మిగులుతాయి. 'చేప వద్దు' అంటే ముక్క తీసేస్తారు, పులుసు మాత్రం ఎండబెట్టిన కత్సువో చేప తురుముతో కాచిన 'దాషి'తోనే వస్తుంది. వాళ్ళ దృష్టిలో అది చేప కాదు, రుచి. 'షోజిన్ ర్యోరి' కావాలని గది తీసుకునేటప్పుడే చెప్పాలి. అది బౌద్ధ మఠాల వంట. దాషి కూడా సముద్రపు నాచుతో, ఎండు పుట్టగొడుగులతో కాస్తారు. ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు, కాబట్టి అవి ముట్టని పెద్దవాళ్ళకీ ఇబ్బంది ఉండదు. కరపత్రంలో 'శాకాహారం లభించును' అని రాసి వదిలేయకుండా, 'దాషి', 'షోజిన్ ర్యోరి' అనే ఈ రెండు మాటలూ తెలుగు లిపిలో అచ్చువేయండి.