ఇంట్లో తెరుచుకునే సర్వర్ బయటి నుంచి రావట్లేదు, సాయం చేయండి

అందరికీ నమస్కారం. మాది కడప. మా అవ్వ పాడిన పాటల రికార్డింగులన్నీ పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు, వెబ్‌సైట్ నడిపే అపాచీ సాఫ్ట్‌వేర్ వేసి పెట్టాను. బెంగళూరులోని చిన్నాయన వాళ్లూ వినాలని నా కోరిక.

ఇంట్లో 192.168.1.10 కొడితే వెంటనే తెరుచుకుంటుంది. బయటి ఐపీ అడ్రస్ కొడితే మాత్రం తిరిగి తిరిగి ఆగిపోతోంది. బయటి నుంచి వచ్చే వెబ్ రిక్వెస్టులు ల్యాప్‌టాప్‌కి చేరేలా రౌటర్‌లో 80, 443 పోర్టులు ఫార్వర్డ్ చేశాను, ఫైర్‌వాల్‌లోనూ తెరిచాను. ఇంటి వైఫై నుంచే బయటి అడ్రస్ కొడితే కొన్ని రౌటర్లు ఒప్పుకోవు కదా, అందుకని మొబైల్ డేటాతోనూ చూశాను. అదే వరస.

నిన్న ఒకటి గమనించాను. రౌటర్ వ్యాన్ (బయటి ఇంటర్నెట్ వైపు కనెక్షన్) పేజీలో ఐపీ 100.72తో మొదలవుతోంది, బయట కనిపించేది వేరే. అంటే ఇది సీజీనాట్ (ఇంటర్నెట్ కంపెనీ చాలా ఇళ్లకు కలిపి ఒకే బయటి ఐపీ ఇవ్వడం) పనేనా? అలాగైతే పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత చేసినా వృథాయేనా? కంపెనీని స్టాటిక్ ఐపీ (మాకే సొంతంగా, మారని బయటి ఐపీ) అడగాలా, కొత్త రకం అడ్రస్ ఐపీవీ6 సరిపోతుందా, చిన్న వీపీఎస్ (ఆన్‌లైన్‌లో అద్దెకిచ్చే సర్వర్) తీసుకుని అక్కడి నుంచి ఇంటికి వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌తో టన్నెల్ వేయాలా? చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి. అవ్వ రోజూ అడుగుతోంది, చిన్నాయన విన్నాడా అని.