చవక ఎస్‌డీఆర్ (సాఫ్ట్‌వేర్ ఆధారిత రేడియో) రిసీవర్ల సున్నితత్వాన్ని పోల్చడం ఎలా?

ప్రశ్న:
నా దగ్గర ఆర్‌820టీ2 ట్యూనర్ చిప్ ఉన్న ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ (యూఎస్‌బీకి తగిలించే చిన్న రిసీవర్), అదే ట్యూనర్‌తో వచ్చే ఎయిర్‌స్పై మినీ అనే మరో రిసీవర్ ఉన్నాయి. 145 మెగాహెర్ట్జ్ దగ్గర యాంటెన్నా తీసేసి చూస్తే, ఎయిర్‌స్పై నాయిస్ ఫ్లోర్ (సంకేతం లేనప్పుడు కనిపించే నాయిస్ స్థాయి) తెర మీద దాదాపు 20 డెసిబెళ్లు కిందకు కనిపిస్తోంది. దాని సున్నితత్వం అంత ఎక్కువని అనుకోవచ్చా?

మొదటి జవాబు:
అనుకోకూడదండీ. ముందు రెండింటి ఎఫ్‌ఎఫ్‌టీ (సిగ్నల్‌ను ఫ్రీక్వెన్సీల వారీగా విడదీసే లెక్క) పరిమాణం ఎంత పెట్టారో చూడండి. సెకనుకు 2.048 మెగాశాంపిళ్ల దగ్గర 1024 బిందువులు పెడితే ఒక్కో గడి (ఫ్రీక్వెన్సీ ముక్క) వెడల్పు 2000 హెర్ట్జ్. 3 మెగాశాంపిళ్ల దగ్గర 65536 పెడితే సుమారు 46 హెర్ట్జ్. గడి ఇరుకైతే అందులో పడే నాయిస్ తగ్గుతుంది కనుక, ఆ తేడా ఒక్కటే 16 డెసిబెళ్లకు పైగా గీతను కిందకు దించేస్తుంది. పైగా తెర మీది అంకెలు ఏడీసీ (సిగ్నల్‌ను అంకెలుగా మార్చే భాగం) పూర్తి స్థాయితో పోల్చి చెప్పేవే గానీ డీబీఎంలు (ఒక మిల్లీవాట్‌తో పోల్చి చెప్పే అసలు శక్తి) కావు కనుక, గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదు) కదిపినప్పుడల్లా అవీ కదులుతాయి.

రెండో జవాబు:
సిగ్నల్ జనరేటర్ (తెలిసిన స్థాయిలో సిగ్నల్ ఇచ్చే పరికరం) దొరికితే ఎండీఎస్ (రిసీవర్ గుర్తించగల అతి బలహీన సిగ్నల్ స్థాయి) కొలవండి. ఏజీసీ (గెయిన్‌ను దానంతటదే మార్చే ఏర్పాటు) ఆపి, 500 హెర్ట్జ్ ఫిల్టర్ పెట్టి, ఆడియో శక్తి నాయిస్ కంటే 3 డెసిబెళ్లు పెరిగే స్థాయిని రాసుకోండి. గది ఉష్ణోగ్రత వద్ద ఉష్ణ నాయిస్ హెర్ట్జ్‌కు మైనస్ 174 డీబీఎం; 500 హెర్ట్జ్ వెడల్పుకు 27 డెసిబెళ్లు కలపాలి; నాయిస్ ఫిగర్ (రిసీవర్ తానుగా కలిపే నాయిస్ కొలత) 6 డెసిబెళ్లనుకుంటే ఎండీఎస్ మైనస్ 141 డీబీఎం దగ్గర రావాలి. అంతకన్నా చాలా మెరుగ్గా వస్తే సంతోషించకండి: ప్లాస్టిక్ పెట్టెలోని డాంగిల్‌లోకి జనరేటర్ సిగ్నల్ నేరుగా దూరుతూ ఉండవచ్చు. కేబుల్ తీసి, డాంగిల్‌కు 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పెట్టే నిరోధకం) తగిలించండి. సిగ్నల్ అప్పటికీ వినబడితే ఆ కొలత చెల్లదు.

ప్రశ్న అడిగినవారు:
గడి వెడల్పు సమానం చేశాక తేడా చాలావరకు పోయింది. జనరేటర్ మాత్రం నాకు అందుబాటులో లేదు.

రెండో జవాబిచ్చినవారు:
అయితే ఒకే యాంటెన్నాను స్ప్లిటర్‌తో (సిగ్నల్‌ను రెండుగా పంచే పరికరంతో) రెండింటికీ ఇచ్చి, ఒకే బలహీన సంకేతం నాయిస్ కంటే ఎంత ఎత్తులో ఉందో ఒకే సమయంలో పోల్చండి; స్ప్లిటర్ నష్టం రెండింటికీ ఒకటే. ట్యూనర్ ఒకటే కాబట్టి తేడా స్వల్పమే ఉంటుందని నా అంచనా. 8 బిట్ల ఏడీసీకీ 12 బిట్ల ఏడీసీకీ గల అంతరం బలమైన ఎఫ్‌ఎం స్టేషన్ పక్కన ఉన్నప్పుడే బయటపడుతుంది, అది వేరే కొలత.