తియ్యనుండా, తియ్యగుండా?

నరసన్నపేట నుంచి:
రేపు మా ఊరి పెద్దల ముందు వృద్ధాప్యం గురించి మాట్లాడాలి. కొద్దిపాటి కష్టం ఒంటికి మేలు చేస్తుందన్నది విషయం. వేమన "తినగ తినగ వేము" పద్యంతో మొదలుపెడదామనుకున్నాను. తరవాత "తియ్యనుండు" అనాలా, "తియ్యగుండు" అనాలా? నా నోట గకారమే ఆడుతోంది.

బొబ్బిలి మాస్టారు:
నకారమే. గకారం వాడుక తెచ్చిపెట్టింది.

విజయనగరం నుంచి:
అంత తొందరగా తేల్చకండి మాస్టారూ. ఆటవెలది రెండో పాదం, అయిదూ సూర్యగణాలే. "నుండు" అయినా "గుండు" అయినా గురువు, లఘువు, అంటే హగణమే, అదీ సూర్యగణమే. పాదం మొదటి "తి"కి యతి "తియ్య" దగ్గరే కుదిరిపోయింది. ఛందస్సు రెంటినీ ఒప్పుకుంటుంది.

టెక్కలి నుంచి:
అక్షరం సరే, మారింది వేపా, తిన్నవాడా? తిన్నవాడే అంటాను. కీలకం "తినగ తినగ"లో ఉంది: కొంచెం కొంచెంగా, మళ్ళీ మళ్ళీ. డెన్మార్క్‌లో సురేశ్ రట్టన్ అనే శాస్త్రవేత్త మనిషి చర్మకణాలకు వారానికి రెండుసార్లు, గంటసేపు, 41 డిగ్రీల వేడి తగిలించారు. వయసుతో వచ్చే చెడు మార్పులు కొన్ని వాటిలో తగ్గాయి. వేడి తగలగానే కణం రక్షక ప్రోటీన్లు తయారుచేసుకుంటుంది. ఆకారం చెడిన ప్రోటీన్లను అవి సరిచేస్తాయి.

బొబ్బిలి మాస్టారు:
"కొంచెం" పద్యంలో ఎక్కడుందండీ? ఒకే మాటను రెండుసార్లనే ఆమ్రేడితం పదేపదే అన్నంతవరకే చెబుతుంది. మోతాదు మీరు చేర్చారు. పైన "అనగ ననగ రాగ", కింద "సాధనమున". ఇది అభ్యాసం పద్యం.

టెక్కలి నుంచి:
అభ్యాసానికి విరామం ఉండదా? రోజంతా పాడితే గొంతు పోతుంది. నులిపురుగులను కాసేపు వేడిలో ఉంచి తీస్తే ఎక్కువకాలం బతికాయి, మరీ ఎక్కువసేపు ఉంచితే చచ్చిపోతాయి. అప్పులవాళ్ళ టెన్షన్‌లా రాత్రీ పగలూ వదలనిది ఈ లెక్కలోకి రాదు. మనుషుల ఆయుష్షు ఇలా పెరుగుతుందని మాత్రం ఇంకా రుజువు కాలేదు, రేపు ఆ మాట తప్పకుండా చెప్పండి.

విజయనగరం నుంచి:
తిండి తగ్గిస్తే ఆయుష్షు అని కూడా చెబుతారేమో! మా గురజాడ "తిండి కలిగితే కండ కలదోయ్" అన్నారు.

టెక్కలి నుంచి:
1935లో మెకే అనే శాస్త్రవేత్త ఎలుకలకు తగ్గించింది కాలరీలను, పోషకాలను కాదు. గురజాడకు అడ్డేమీ లేదు.

బొబ్బిలి మాస్టారు:
"కలిగితె", హ్రస్వం! మూడు, నాలుగు, మూడు, నాలుగు మాత్రల నడక అది. "తే" అంటే ఒక మాత్ర ఎక్కువై కాలు తడబడుతుంది. గురజాడ ఛందస్సు ముత్యాలసరం పుట్టిన ఊళ్ళో ఉండి దీర్ఘం తీస్తారా?

విజయనగరం నుంచి:
పాడేటప్పుడు సాగుతుంది మాస్టారూ, రాసేటప్పుడు కాదు.

నరసన్నపేట నుంచి:
బ్రౌన్ 1829లో అచ్చువేయించిన వేమన ఎవరి దగ్గరైనా ఉందా? ఈ పద్యం అందులో ఉంటే ఆ పాదం ఫొటో పెట్టండి.