డెబియన్ డిఫాల్ట్ థీమ్‌లో ఇంకాస్త తెగువ ఉండాలా?

నీలిగీత:
డెబియన్ అనే ఉచిత లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ 2011లో తన 6వ విడుదలను స్పేస్‌ఫన్ అనే అంతరిక్షపు బొమ్మల థీమ్‌తో (తెర రూపంతో) తెచ్చింది. ఆ తర్వాత వచ్చిన జాయ్, లైన్స్, సాఫ్ట్‌వేవ్స్ మూడూ నీలం చుట్టూనే తిరిగాయి. వేలమంది కలిసి కట్టుకున్న వ్యవస్థ మొదటి చూపులోనే తనదైన ముఖం చూపించాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

పాతకాపు:
కంప్యూటర్ ఆన్ చేయగానే ఏది మొదలుపెట్టాలో అడిగే బూట్ మెనూలో అక్షరాలు నేరుగా థీమ్ బొమ్మ మీదే పడతాయి. మామూలు అక్షరాలకూ వాటి వెనకున్న రంగుకూ మధ్య కనీసం 4.5:1 కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) ఉండాలని వెబ్ ప్రమాణాలే చెబుతున్నాయి. ముందు ఆ లెక్క చూపించండి.

సిరి:
నాకు ముదురు రంగు ఉంటే చాలు.

నీలిగీత:
పాతకాపు గారూ, మీరు బూట్ మెనూ దగ్గరే ఆగిపోయారు. డెబియన్ థీమ్‌లను అందించే డెస్క్‌టాప్-బేస్ ప్యాకేజీలో పాత థీమ్‌లు కూడా ఉంటాయి కాబట్టి, నచ్చనివారు ఒక్క కమాండ్‌తో వెనక్కి వెళ్లవచ్చు.

పాతకాపు:
ఆ కమాండ్ తెలియని పిల్లల గురించే నా బాధంతా. మా బడి ల్యాబులో ఒక డిస్ట్రో (డెబియన్ లాంటి లినక్స్ కూర్పు) కొత్త రూపం వేసుకుని వచ్చినప్పుడు, వెలిసిపోయిన పాత మానిటర్ల మీద ఏ వరుస ఎంచుకున్నారో కనబడక, పిల్లలు మెమరీ టెస్టులోకి వెళ్లి కంప్యూటర్ పాడైపోయిందని నా దగ్గరికి పరుగెత్తుకొచ్చేవారు.

నీలిగీత:
ప్రతి చర్చలోనూ మీ ల్యాబునే అడ్డం పెడతారా? ఎర్రమట్టి రంగు మీద కలంకారీ గీతలతో నేను రాత్రులు మేలుకుని గీసిన నమూనాను మరో డిస్ట్రోకు పంపితే, ఓటింగులో ఎవరికీ అభ్యంతరం లేని బూడిదరంగు గెలిచింది. అందరినీ అడిగితే ఎవరూ ప్రేమించని బొమ్మే మిగులుతుంది.

పాతకాపు:
అయితే మీ గొడవ రంగుతో కాదు, ఓటుతో. 2010లో ఉబుంటు అనే డిస్ట్రో 10.04 విడుదల కోసం విండో బటన్లను ఎడమవైపుకు మార్చినప్పుడు జనం మొత్తుకున్నారు; ఇది ప్రజాస్వామ్యం కాదని ఉబుంటు స్థాపకుడు మార్క్ షటిల్‌వర్త్ తేల్చి చెప్పారు. 2017లో 17.10తో ఆ బటన్లు మళ్లీ కుడివైపుకే వచ్చాయి.

నీలిగీత:
బటన్లు వెనక్కి వచ్చాయి, నిజమే. కానీ ఆ 10.04 విడుదలలోనే గోధుమరంగును తోసేసి వచ్చిన నారింజ, వంకాయ రంగులను చూస్తే ఈనాటికీ ఉబుంటు గుర్తొస్తుంది. ఓటు పెట్టి ఉంటే ఆ వంకాయ రంగు గెలిచేదా?

హరిత:
డిజైనర్లు మూడు నమూనాలు ఎంపిక చేసి, వాటి మీదే ఓటు పెడితే సరిపోదా?

నీలిగీత:
ఆ మూడూ నిజంగా వేర్వేరుగా ఉంటే నాకు సమ్మతమే.

పాతకాపు:
ఆ డిజైనర్లను ఎవరు ఎన్నుకుంటారు? ఉబుంటు వెనక జీతాలిచ్చే కంపెనీ ఉంది. డెబియన్‌ను నిలబెడుతున్నది తీరిక వేళల్లో ప్యాకేజీలు చూసుకునే స్వచ్ఛంద సభ్యులు, ఎవరైనా పాల్గొనగల సర్వేతో థీమ్ ఎంచుకునే పద్ధతి కూడా వాళ్లదే. దాన్ని ముగ్గురు నలుగురి చేతిలో పెట్టడానికి నేను ఒప్పుకోను. మీ కలంకారీ నమూనాను బూట్ మెనూ స్క్రీన్‌షాట్‌తో సహా డెబియన్‌కు పంపండి. అక్షరాలు చదవగలిగేలా ఉంటే నా ఓటు దానికే.