అప్‌డేట్: అమ్మానాన్నలతో జెర్మాట్ (స్విట్జర్లాండ్) వెళ్ళొచ్చాం

మ్యూనిక్ నుంచి కార్లో వెళ్తున్నాం, నాన్నకి మోకాళ్ళ నొప్పులు, జెర్మాట్‌లోకి కార్లు రానివ్వరట, ఎలా తిరగాలి అని అడిగాను కదా. వెళ్ళొచ్చాం, సలహాలిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్ అండి.

మీరు చెప్పినట్టే కారు జెర్మాట్‌కి ముందు ఊరైన టాష్‌లో స్టేషన్ పార్కింగ్‌లో పెట్టేసి షటిల్ ట్రైన్ ఎక్కాం, 20 నిమిషాలకొకటి ఉంది, 12 నిమిషాల్లో దించేసింది, లగేజ్ ట్రాలీ ఉన్నది ఉన్నట్టే ట్రైన్లోకి తోసుకెళ్ళిపోవచ్చు, నాన్న ఒక్క బ్యాగ్ కూడా ఎత్తాల్సిన పని పడలేదు. ఊళ్ళో అన్నీ డబ్బాల్లాంటి చిన్న ఎలక్ట్రిక్ ట్యాక్సీలు, బస్సులే. చప్పుడు లేకుండా వెనకే వచ్చేస్తాయి, పెద్దవాళ్ళుంటే జాగ్రత్త, నేనైతే అమ్మ చెయ్యి వదల్లేదు.

గోర్నర్‌గ్రాట్ శిఖరం మీదికి వెళ్ళే రైలు జెర్మాట్ మెయిన్ స్టేషన్ ఎదురుగానే, 1898 నుంచి నడుస్తోందట, పైకి వెళ్ళేటప్పుడు కుడివైపు కూర్చోండి, మాటర్‌హార్న్ కొండ అటే కనిపిస్తుంది. పైన 3089 మీటర్లు కాబట్టి నాన్నకి కాస్త ఆయాసం వచ్చింది, నాలుగడుగులేసి ఆగుతూ నడిపించాం. తర్వాత బెంచీ మీద కూర్చుని, చల్లబడి గట్టిపడ్డ పులిహోర తింటూ ఆ కొండనే చూస్తూ ఉండిపోయారు, రెండు రైళ్ళు వదిలేశాం. హాఫ్ ఫేర్ కార్డ్ (స్విస్ రైళ్ళ డిస్కౌంట్ కార్డ్) మాత్రం తప్పకుండా తీసుకోండి, ఆ రైలుకి సగం టికెట్టే.