అనాటమీ పోయింది, సప్లికి ఎట్లా చదవాలి? వరంగల్, కరీంనగర్ వైపు వాళ్లు చెప్పండి

ఓరుగల్లు_ఫస్టియర్:
ఎంబీబీఎస్ ఫస్టియర్ రిజల్ట్స్ వచ్చాయి. ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ గట్టెక్కాయి. అనాటమీలో ప్రాక్టికల్ పాస్, థియరీ పోయింది. పుస్తకం ముందు కూర్చుంటే అప్పర్ లింబ్ (చెయ్యి) మొదటి పేజీ నుంచి మళ్లీ చదవాలనిపిస్తోంది, అంత టైమ్ మాత్రం లేదు. సప్లిలో పాసైన అన్నలు, అక్కలు ఏం చేశారో చెప్పండి. "ధైర్యంగా ఉండు" ఒక్కటి వద్దు, పొద్దుటి నుంచి ఇంట్లో అదే వింటున్నా.

కాజీపేట_జంక్షన్:
తమ్ముడూ, మొదటి పేజీ జోలికి పోకు. అట్లా మొదలుపెట్టినవాళ్లకు అప్పర్ లింబ్ రెండోసారి కంఠస్థమవుతుంది, హెడ్ అండ్ నెక్ దగ్గరికి వచ్చేసరికి హాల్ టికెట్ చేతికొస్తుంది. ముందు మొన్నటి రెండు పేపర్లూ ముందు పెట్టుకొని, ఒక్కో ప్రశ్నకు ఏం రాశావో గుర్తు తెచ్చుకో. అసలు తెలియనివి, తెలిసినా కాగితం మీద పెట్టలేనివి, టైమ్ చాలక వదిలేసినవి అని విడగొట్టు. తెలియనివి చదవాలి. రెండో రకానికి ఎంత చదివినా లాభం లేదు, రాయాలి. మూడో రకానికి గడియారం ఎదురుగా పెట్టుకొని పాత పేపర్ మొత్తం కూర్చొని రాయడమే మందు. కాళోజీ యూనివర్సిటీ పాత పేపర్లు ఏ సీనియర్‌ను అడిగినా ఇస్తారు.

మావాళ్లలో ఎక్కువ మందికి రెండో రకమే పెద్దది. అది ఒప్పుకోవడానికే మనసు రాదు.

బోన్‌సెట్_అక్క:
కాజీపేట అన్న చెప్పింది కరెక్టే. నాకు అక్కరకు వచ్చింది బొమ్మలు. చూసి వేసే బొమ్మలు కాదు, పుస్తకం మూసి వేసేవి.

మెడ నుంచి చేతికి పోయే నరాల అల్లిక, బ్రేకియల్ ప్లెక్సస్‌నే తీసుకో. తెల్ల కాగితం మీద ముందు సి5 నుంచి టి1 వరకు ఐదు రూట్స్ రాయి. సి5, సి6 కలిస్తే అప్పర్ ట్రంక్, సి7 ఒక్కటే మిడిల్, సి8, టి1 కలిస్తే లోయర్. ఒక్కో ట్రంక్ ముందుకొకటి, వెనక్కొకటి చీలుతుంది. వెనక చీలికలు మూడూ కలిస్తే పోస్టీరియర్ కార్డ్. ఎక్కడ చెయ్యి ఆగితే అక్కడ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, అప్పుడు పుస్తకం తెరువు. మర్నాడు పొద్దున టీ తాగకముందే మళ్లీ వెయ్యి. సున్నాలు తగ్గుతున్నాయా లేదా అన్నదే లెక్క, ఎన్ని గంటలు కూర్చున్నావన్నది కాదు.

బొమ్మ వచ్చాక దాన్ని రోగితో కలుపు. అప్పర్ ట్రంక్ దెబ్బతింటే ఎర్బ్స్ పాల్సీ, సి8, టి1 దెబ్బతింటే క్లంప్కీ, రెండూ చెయ్యి చచ్చుబడేవే. హ్యూమరస్ (పై చేతి ఎముక) నడిమి భాగం విరిగితే స్పైరల్ గ్రూవ్‌లో ఉన్న రేడియల్ నర్వ్‌కు దెబ్బ తగిలి మణికట్టు వాలిపోతుంది. ప్రశ్న ఎటువైపు నుంచి తిప్పి అడిగినా ఆ ఒక్క బొమ్మలోనే జవాబు దొరుకుతుంది.

జగిత్యాల_కుర్రోడు:
నేను పది దాకా తెలుగు మీడియం. మాలాంటోళ్లకు ఒక్క మాట: అర్థం చేసుకునేది తెలుగులో చేసుకోండి, సిగ్గుపడొద్దు. తొడ పైభాగంలోని ఫిమరల్ ట్రయాంగిల్‌లో బయటి నుంచి లోపలికి నర్వ్, ఆర్టరీ, వెయిన్. వీటిలో నర్వ్ మాత్రం షీత్ (తొడుగు) బయట ఉంటుంది. ఎందుకు బయట ఉంది, లోపల ఏమేం ఉన్నాయి అని రూమ్మేట్‌కు తెలుగులోనే చెప్పేవాణ్ని, పేర్లు మాత్రం ఇంగ్లిష్‌లో. తర్వాత అదే సంగతి ఇంగ్లిష్‌లో చిన్న చిన్న వాక్యాలుగా రాసేవాణ్ని. పేపర్ దిద్దేవాళ్లకు గొప్ప ఇంగ్లిష్ అక్కర్లేదు. హెడ్డింగులు, గీత కొట్టిన పేర్లు, లేబుల్స్ ఉన్న బొమ్మ కనబడాలి.

ఫిజియో_హన్మకొండ:
నాది బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ), మాకూ ఫస్టియర్‌లో అనాటమీనే యమగండం. మీవాళ్లు పుస్తకం చూసి చదివేది మేం ఒంటి మీద తడిమి చదువుతాం. మోచేతి లోపలివైపు గడపకు తగిలితే చిటికెన వేలి దాకా జివ్వుమంటుంది కదా, అది మీడియల్ ఎపికాండైల్ వెనక ఉన్న అల్నార్ నర్వ్. ఒకసారి వేలు పెట్టి చూసుకుంటే మళ్లీ మర్చిపోరు. మోచేతి ముందరి గుంట, క్యూబిటల్ ఫోసాలో బైసెప్స్ టెండన్ దొరకబుచ్చుకొని, దాని లోపలివైపు బ్రేకియల్ ఆర్టరీ కొట్టుకోవడం చూడండి. ఆర్టరీకి ఇంకా లోపల మీడియన్ నర్వ్. బస్సులో కూర్చొని కూడా చేయొచ్చు, పక్కవాళ్లు వింతగా చూస్తారు, అంతే.

కాజీపేట_జంక్షన్:
@ఫిజియో_హన్మకొండ చేతులు, కాళ్లకు ఓకే. ఎంబ్రియాలజీ (పిండం ఎదిగే తీరు) ఎక్కడ తడమాలి?

ఫిజియో_హన్మకొండ:
అది మీ ఖర్మ అన్నా 😄

వడ్డేపల్లి_ట్యూటర్:
కొన్నేళ్లు అనాటమీ డిపార్ట్‌మెంట్‌లో ట్యూటర్‌గా చేశాను. బొమ్మల గురించి అక్క చెప్పినదానికి ఆధారం ఉంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు సైకాలజిస్టులు విద్యార్థులకు చిన్న పాఠాలిచ్చి, కొందరిని మళ్లీ చదవమన్నారు, కొందరిని చూడకుండా గుర్తున్నది రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే తారుమారైంది, గుర్తు చేసుకొని రాసినవాళ్లు ముందుకొచ్చారు. చదివిన రాత్రి "అంతా వచ్చేసింది" అనిపించేది అందుకే నమ్మొద్దు.

ప్రాక్టికల్ ఒకసారి పాసయ్యాను కదా అని ఎముకలు అటకెక్కించొద్దు. సప్లికి ఏం మళ్లీ రాయాలో, ఏ మార్కులు నిలుస్తాయో ముందు కాలేజీ ఆఫీసులో కనుక్కోండి. వైవాలో (నోటి పరీక్ష) ఎముక చేతికిస్తే చాలామంది గబగబా పేర్లు చదివేస్తారు. ముందు శరీరంలో ఎట్లా ఉంటుందో అట్లా పట్టుకోవాలి. ఫిమర్ (తొడ ఎముక) అయితే తల పైకి, లోపలికి, షాఫ్ట్ వంపు ముందుకు. అప్పుడు కుడో ఎడమో చెప్పాలి. అంత నింపాదిగా పట్టుకున్నవాణ్ని చూస్తే ఎగ్జామినర్‌కు సగం నమ్మకం అక్కడే కుదురుతుంది.

హిస్టాలజీలో (మైక్రోస్కోప్ కింద కణజాలం చూడటం) లింఫాయిడ్ స్లైడ్లు నాలుగూ ఒక్కరోజే పక్కపక్కన పెట్టుకొని చూడండి, విడివిడిగా చదివితే కలగాపులగమే. హాసల్స్ కార్పసుల్స్ ఉంటే థైమస్. క్యాప్సూల్ కింద సైనస్ కనబడితే లింఫ్ నోడ్. ఫాలికిల్‌లో ఓ పక్కకు జరిగిన రక్తనాళం ఉంటే స్ప్లీన్. పైన స్ట్రాటిఫైడ్ స్క్వామస్ పొర, లోతైన గుంటలు ఉంటే టాన్సిల్.

మంచిర్యాల_మెడికో:
గ్రూప్ స్టడీ అని పడి చావకండి. ఐదుగురు కూర్చుంటే ఒకడు చెప్తాడు, నలుగురు తలాడిస్తారు. ఇద్దరు చాలు, అదీ ఒకరినొకరు వైవా అడుక్కోవడానికి.

బోన్‌సెట్_అక్క:
నేనొప్పుకోను. మేం నలుగురం కూర్చొని తలా ఒక చాప్టర్ చెప్పుకునేవాళ్లం. మిగతావాళ్ల ప్రశ్నకు జవాబు రాకపోతే ఆ రోజు చాయ్ వాళ్ల ఖాతా. బిల్లుకు భయపడైనా చదివేవాళ్లం.

ఓరుగల్లు_ఫస్టియర్:
అందరికీ థాంక్స్. పేపర్లు ముందు వేసుకొని చూశా, అన్న చెప్పినట్టే తెలిసి రాయలేనివే ఎక్కువ. థైరాయిడ్ రక్తప్రసరణ నాకు వచ్చు, అయినా సగం పేజీలో ముగించేశా. ఇంకో డౌట్: ఇది కూడా అటెంప్ట్ కిందే లెక్కా? రాత్రి నిద్ర పట్టడం లేదు.

వడ్డేపల్లి_ట్యూటర్:
లెక్కే. 2023 ఎన్‌ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) నిబంధనల ప్రకారం ఫస్టియర్‌కు నాలుగు అటెంప్టులకు మించి లేవు, సప్లి కూడా అందులోదే. అయితే ఆ నిబంధనల ప్రకారమే సప్లి బ్యాచ్ అని వేరే ఉండదు, పాసైతే మీ బ్యాచ్‌తోనే సెకండియర్‌లో కూర్చుంటారు. నిద్ర సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు పడవు.

థైరాయిడ్ జవాబు ఇప్పుడే రాసి ఇక్కడ పెట్టండి. సుపీరియర్ థైరాయిడ్ ఆర్టరీ ఎక్స్‌టర్నల్ కెరోటిడ్ నుంచి, ఇన్ఫీరియర్ థైరోసర్వైకల్ ట్రంక్ నుంచి అని రాసి ఆపేస్తే సగం పేజీనే వస్తుంది. మొదటిదాని పక్కన ఎక్స్‌టర్నల్ లారింజియల్ నర్వ్, రెండోదాని దగ్గర రికరెంట్ లారింజియల్ నర్వ్ ఉంటాయని, ఆపరేషన్‌లో వాటిని ఎట్లా తప్పించుకొని కట్టాలో రాసి, పక్కన బొమ్మ వేస్తే రెండు పేజీలు నిండుతాయి. రాత్రి దిద్ది పెడతాను.