అప్‌డేట్: ప్లెనిపొటెన్షియరీ స్పెల్లింగ్ గొడవ తేలింది

పోయిన వారం అడిగాను కదా, స్పానిష్ కాగితంలో రాయబారి హోదా పక్కన 'ప్లెనిపొతెన్సియారియా' (పూర్తి అధికారాలున్న అని అర్థం) అని ఉంది, ఫ్రెంచ్ కాపీలో చివర 'ఆ' లేదు, ఏది తప్పు అని. రెండూ కరెక్టే. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

రాయబారి మహిళ, అంతే విషయం. స్పానిష్‌లో మగవారికి -రియో, ఆడవారికి -రియా. ఇటాలియన్, పోర్చుగీస్ కూడా అదే దారి. ఫ్రెంచ్‌లో మాత్రం -ఎయిర్‌తో ముగిసే ఇలాంటి విశేషణాలు లింగాన్ని బట్టి మారవు, బహువచనానికి ఎస్ చేరుతుంది, అదీ పలకరు. రొమేనియన్‌లో పుంలింగం '-ర్' దగ్గరే ఆగిపోతుందట, ఇది నాకు కొత్త.

మధ్యలో అక్షరం సంగతి: లాటిన్ 'ప్లెనుస్' (నిండు), 'పొతెంతియా' (అధికారం) కలిసిన మాట ఇది. 'పొతెంతియా'లోని రెండో 'టి' అక్షరాన్ని ఫ్రెంచ్ అలాగే ఉంచి 'సి' అని పలుకుతుంది, స్పానిష్ దాని బదులు సీ (c) అక్షరం రాస్తుంది, ఇటాలియన్ జెడ్ రాసి 'త్సి' అంటుంది. ఒకే తల్లి పిల్లలు, తలా ఒక ఇంటిపేరు!

స్కాన్ సరిగా రాలేదేమో అని నేను పడ్డ టెన్షన్ అంతా దండగ. తెలుగులో 'పూర్ణాధికార రాయబారి' అని పెట్టి పంపేశాను.